ఇంటి తెర మీద రాక్షసుడు

ఈ శీర్షిక క్రింద ఇంతవరకు మేము పరీక్షించిన వస్తువులన్నీ ప్లగ్గుకు తగిలించేవో, పొయ్యి మీదికి ఎక్కించేవో. ఇన్వర్టరు గాని, గీజరు గాని, కుక్కరు గాని, చెప్పిన పని చేస్తున్నదా లేదా అన్నదొక్కటే మా ప్రశ్నగా ఉండేది. ఈ పర్యాయం ఒక సినిమా డిస్కును బల్ల మీద పెట్టుకున్నాము. దక్షిణాది ప్రాజెక్టుల నుండి బదిలీపై నోయిడా, గుర్‌గావ్ ప్రాంతాలకు వచ్చిన యువ సహోద్యోగులు కొందరు, ఇంట్లో చిన్న పిల్లలూ పెద్ద వయసు తల్లిదండ్రులూ కలిసి కూర్చుని చూడదగిన బొమ్మల సినిమా ఏదైనా సూచించండని కొంతకాలంగా అడుగుతున్నారు. వారిలో ఇద్దరు ముగ్గురు 'ష్రెక్' పేరు కూడా చెప్పి, అది తగునా అన్నారు. ఆ చిత్రం మా ఇంట మూడు రూపాల్లో ఉన్నది. కనుక జవాబు చెప్పే అర్హత కొంత మాకున్నదని భావిస్తున్నాము.

సినిమాను గూర్చి పత్రికలలో సమీక్షలు వస్తాయి. ఇంటికి వచ్చే వస్తువును గూర్చి మాత్రం ఎవరూ వ్రాయరు. హాలులో చూచేది ఒకటి. డిస్కుగానో, నేడు ఫోను ద్వారానో మన గదిలోకి వచ్చేది మరొకటి. రెండవ దానికి కొలతలున్నాయి. మన సంస్థలో ట్రాన్స్‌ఫార్మరు వచ్చినా, పంపు వచ్చినా, స్వీకరణ పరీక్ష జరపకుండా గేటు లోపలికి రానివ్వము గదా! ఆ పద్ధతినే ఇక్కడ పాటించాము.

ముందుగా చిత్రం సంగతి. విలియం స్టీగ్ అనే అమెరికన్ రచయిత 1990లో ప్రచురించిన బాలల బొమ్మల పుస్తకం దీనికి ఆధారం. డ్రీమ్‌వర్క్స్ సంస్థ దీనిని పూర్తిగా కంప్యూటరుతో తయారుచేసి 2001 మే నెలలో విడుదల చేసింది. దర్శకులు ఆండ్రూ ఆడమ్సన్, విక్కీ జెన్సన్. అదే ఏడాది కాన్ చిత్రోత్సవంలో పోటీ విభాగంలో ప్రదర్శితమైంది. 2002 మార్చిలో ఆస్కార్ వారు ఉత్తమ యానిమేషన్ చిత్రానికి మొదటిసారిగా బహుమతి నెలకొల్పినప్పుడు, అది దీనికే దక్కింది. కథ క్లుప్తంగా ఇది: చిత్తడి నేలలో ఒంటరిగా బ్రతికే పచ్చని రాక్షసుడొకడు, ఎడతెగక వాగే గాడిదను వెంటబెట్టుకుని, ఒక పొట్టి ప్రభువు కోసం కోటలో బందీగా ఉన్న రాకుమారిని విడిపించబోతాడు. ఆ రాకుమారికి ఒక శాపం. పగలు ఒక రూపం, రాత్రి మరొక రూపం. తక్కినది పాఠకులు ఊహించగలరు. ఊహించినట్లు జరగకపోవడమే ఇందులోని హాస్యం.

మా ఇంటికి మొదట వచ్చింది వీసీడీ. వారాంతపు సంతలో కొన్నది. 90 నిమిషాల చిత్రం ఒక సీడీలో పట్టదు కనుక రెండు డిస్కులుగా వచ్చేది. ఆ విధంగా విదేశీ చిత్రానికి కూడా మన పద్ధతిలో విశ్రాంతి లభించేది. ఈ పద్ధతిలో ఒక్కొక్క చట్రానికి అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలు. డీవీడీలో 720, 576. అనగా వీసీడీలో బొమ్మ నాలుగవ వంతు మాత్రమే. మామూలు సినిమాలో ఈ లోటును కన్ను కొంతవరకు సర్దుకుంటుంది. ష్రెక్‌లో సర్దుకోదు. ఈ చిత్రం గొప్పతనమంతా బురద, పాలు, మంట, గాడిద వెంట్రుకలు, రాకుమారి గౌను ముడతలు వంటి వాటిలో ఉన్నది. ద్రవాలు ఎట్లా ఒలుకుతాయో గణించి చూపించిన తొలి పెద్ద చిత్రాలలో ఇదొకటి. వీసీడీలో ఆ బురద చదరపు ముక్కలుగా విడిపోయి, ముగ్గు చెరిగిన వాకిలివలె కనిపించేది. అది స్వీకరణ పరీక్షలో నిలవలేదు. పిల్లలు మాత్రం రెండవ డిస్కు గీతలు పడేదాకా చూశారు.

రెండవది అమెరికా డిస్కు. అక్కడ 2001 నవంబరు 2న ఈ చిత్రం డీవీడీగా విడుదలైంది. న్యూజెర్సీలో ఉండే మా మేనల్లుడు సెలవులకు వస్తూ తెచ్చాడు. రెండు డిస్కుల పెట్టె. ఒకదానిలో టీవీ తెరకు నిండుగా వచ్చే రూపం, మరొకదానిలో హాలు తెరకు తగిన వెడల్పు రూపం. తీరా ప్లేయరులో పెడితే అది తిరస్కరించింది. డీవీడీలకు ప్రపంచాన్ని మండలాలుగా విభజించినారన్న సంగతి పాఠకులలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. అమెరికా ఒకటవ మండలం, మన దేశం అయిదవ మండలం. డబ్బిచ్చి కొన్న వస్తువు సముద్రం దాటగానే మూగబోవడం ఇంజనీరింగు అవసరం కాదు, వ్యాపారపు అవసరం. కంప్యూటరులోని డ్రైవుకు మాత్రం మండలం మార్చుకునే వెసులుబాటు అయిదు మార్లు ఉండేది. అయిదవ మార్పు తరువాత అది ఆ మండలానికే కట్టుబడి ఉండవలసినదే. పిల్లల కోసం మేము ఒక మార్పు ఖర్చు చేశాము. వంశపారంపర్యంగా వచ్చిన బంగారాన్ని కరిగిస్తున్నంత బాధ కలిగింది.

వెడల్పు రూపాన్ని నాటి నాలుగు–మూడు నిష్పత్తి టీవీలో చూస్తే పైనా క్రిందా నల్లని పట్టీలు మిగిలేవి. లెక్క వేస్తే తెరలో నూటికి 28 వంతులు చీకటే. ఇంత పెట్టి టీవీ కొని నాలుగో వంతు ఆర్పివేయడమేమిటని మా ఇంట ఆక్షేపణ వచ్చింది. ఆక్షేపణ న్యాయమైనదే కాని, మామూలు చిత్రంలో తెర నింపవలెనంటే రెండు ప్రక్కలా అంతే భాగం కోసివేయవలసి వస్తుంది. కంప్యూటరు చిత్రాలకు ఒక సౌలభ్యం కలదు. అందులో కెమెరా కూడా లెక్కల్లోనే ఉంటుంది కనుక, చిన్న తెరకు తగినట్లు పాత్రలను దగ్గరకు జరిపి మరల చిత్రించుకోవచ్చును. పిక్సార్ వారు 'ఎ బగ్స్ లైఫ్' చిత్రాన్ని 1999లో ఇంటికి పంపినప్పుడు ఈ పనే చేశారు. వీడియోను ఒక ప్రత్యేక వస్తువుగా భావించి శ్రద్ధ తీసుకున్నవారిని మేము గౌరవిస్తాము.

మూడవది మన దేశపు డిస్కు. మన టీవీ పద్ధతి పాల్. సినిమా సెకనుకు 24 చట్రాలైతే, పాల్ సెకనుకు 25. తేడాను సర్దడానికి చిత్రాన్ని కొంచెం వేగంగా నడుపుతారు. అందువల్ల 90 నిమిషాల చిత్రం 86 నిమిషాల చిల్లరలో ముగుస్తుంది. శ్రుతిని విడిగా సరిచేయకపోతే గొంతులు కూడా పైకి పోతాయి. ఎంత పైకి? సంగీతం తెలిసిన పాఠకుల కొరకు చెప్పాలంటే, షడ్జమం నుండి శుద్ధ రిషభానికి పోయే దారిలో ముప్పాతికకు కొంచెం తక్కువ. గాడిదకు గాత్రమిచ్చిన ఎడ్డీ మర్ఫీ విషయంలో ఈ తేడా ఎవరికీ తెలియదు. ఆయన మామూలుగా మాట్లాడినా అంత వేగమే. రాక్షసుని గొంతులో మాత్రం రవ్వంత బరువు తగ్గింది. బొమ్మ విషయంలో మూడింటిలోకి ఇదే ఉత్తమం; నిలువు చుక్కలు అమెరికా డిస్కులో 480, దీనిలో 576. ఇంతవరకు పరీక్ష బాగానే నడిచింది.

ఇక రిమోటులోని భాష మీట నొక్కాము. మాకు దొరికిన ప్రతిలో ఆంగ్లము తప్ప మరొకటి లేదు. సబ్‌టైటిల్సు కూడా ఆంగ్లమే.

ఇక్కడ కొంత అంకగణితం చేయక తప్పదు. డీవీడీ ప్రమాణాన్ని రూపొందించినవారు ఒక్కొక్క చిత్రానికి ఎనిమిది ధ్వని పట్టీలకూ, 32 సబ్‌టైటిల్సు వరుసలకూ చోటు కల్పించారు. రెండు పొరల డిస్కు ధారణ శక్తి 8.5 గిగాబైట్లు. ఒక భాషకు మామూలు స్టీరియో పట్టీ చేర్చడానికి సెకనుకు 192 కిలోబిట్లు సరిపోతాయి. 86 నిమిషాల చిల్లర చిత్రానికి లెక్కిస్తే సుమారు 124 మెగాబైట్లు. డిస్కులో నూటికి ఒకటిన్నర వంతు. పాతిక కిలోల బియ్యపు బస్తాలో ఒక పూట అత్తెసరుకు తీసినంత. అమెరికాలో అమ్మే డిస్కులలో స్పానిష్, ఫ్రెంచ్ పట్టీలు ఉండడం పరిపాటి, ఎందుచేతనంటే అక్కడ ఆ భాషల ఇండ్లున్నాయి. మన దేశంలో కోట్లమంది మాట్లాడే తెలుగుకు మాత్రం ఎనిమిది గదులలో ఒక్క గది కూడా తెరవలేదు. నాసిరకమైన వీసీడీలో సైతం ఎడమ చెవికి ఒక భాష, కుడి చెవికి మరొక భాష పెట్టే ఉపాయం ఆసియా దేశాలలో వాడుకలో ఉండేది. కనుక చోటు చాలక అన్న మాట చెల్లదు.

ఇది భాషాభిమానంతో చేస్తున్న ఫిర్యాదు కాదు. కొంతవరకు అదీ ఉన్నదనుకోండి. అసలు విషయం వేరు. మా అమ్మగారు గుంటూరు జిల్లా పల్లెనుండి 2002లో మా వద్దకు నోయిడా వచ్చారు. ఆమెకు తెలుగు తప్ప మరో భాష రాదు. పిల్లలకు అప్పటికి ఆరేళ్ళు, మూడేళ్ళు. బడిలో ఆంగ్లము, వీధిలో హిందీ, తెలుగు అన్నం పెట్టేటప్పుడు మాత్రమే. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1948లో ఆంధ్ర విద్యా సంఘాన్ని స్థాపించి ఢిల్లీ తెలుగు పిల్లలకు బడులు ఏర్పరచారు గాని, అవి యమునకు ఆవలి ఒడ్డున ఉన్నాయి; మేము ఈవలి ఒడ్డున. ఇట్టి ఇంట్లో నాయనమ్మ, మనుమలు కలిసి ఒకే విషయానికి నవ్వడమన్నది చిన్న సంగతి కాదు. ష్రెక్ డిస్కు పెట్టినప్పుడెల్లా పిల్లలు నవ్వేవారు. ఆమె పిల్లలను చూసి నవ్వేవారు.

చిత్రం మొదలవుతూనే ఒక కథల పుస్తకం తెరుచుకుంటుంది. రాక్షసుడు అందులోని పేజీ చించి మరుగుదొడ్డిలో వాడుకుంటాడు. పాత కథల మర్యాదలన్నీ ఇకపై చెల్లవని దర్శకులు మొదటి నిమిషంలోనే ఆ విధంగా చాటారు. పశ్చిమ దేశాల ప్రేక్షకులు అక్కడ ఘొల్లుమంటారు. మా అమ్మగారు మాత్రం, "ఒరే, పుస్తకం చించకూడదని వాడికి ఎవరూ చెప్పలేదట్రా?" అని నొచ్చుకున్నారు. కాలు తగిలితే పుస్తకాన్ని కళ్ళకద్దుకునే ఇంట ఆ హాస్యం దిగలేదు. తెలుగు పట్టీ ఉన్నా దిగి ఉండేది కాదని మా అభిప్రాయం. కొన్ని నవ్వులు భాష మారినా దాటి రావు.

అయితే తక్కినవి దాటి రాగలవు. చిత్రంలోని హాస్యంలో అధిక భాగం పాత కథల పాత్రలను తలక్రిందులు చేయడం మీద ఆధారపడింది. ముక్కు పెరిగే చెక్కబొమ్మ, మూడు పంది పిల్లలు, గాజు పేటికలో నిద్రించే కన్య, అల్లం రొట్టె బొమ్మ. నోయిడా బడిలో చదివే మా పిల్లలకు ఇవన్నీ తెలుసు. పేదరాశి పెద్దమ్మ తెలియదు, కాశీమజిలీలు తెలియవు. అసలు కథ తెలిసినవాడికే వెక్కిరింపు అర్థమవుతుంది. ఎవరైనా రేపు తోటరాముణ్ణీ, నేపాళ మాంత్రికుణ్ణీ వేళాకోళం చేస్తూ చిత్రం తీస్తే మా పిల్లలు నిర్ఘాంతపోయి చూసేవారే. నాయనమ్మకు మూలకథలన్నీ తెలుసు, కాని ఈ చిత్రంలోనివి కావు. మనుమలకు ఈ చిత్రంలోనివి తెలుసు, నాయనమ్మవి కావు. ఈ రెంటికీ మధ్య వంతెన ఏదన్నదే మాకు ఆ రోజుల్లో ఎదురైన ప్రశ్న.

ఒక వంతెన తానుగానే దొరికింది. రాకుమారి ఫియోనా రాత్రి పూట రాక్షసిగా మారి, పగలు సుకుమారిగా నటిస్తూ త్రేనుస్తుందీ, కోతి గంతులు వేస్తుందీ, మగవాళ్ళను మట్టి కరిపిస్తుందీ అని తెలిసిన వెంటనే మా అమ్మగారు లేచి కూర్చున్నారు. "ఇది మాయా శశిరేఖే కదరా!" అన్నారు. నిజమే. 1957లో కె.వి. రెడ్డి గారు తీసిన 'మాయాబజార్'లో ఘటోత్కచుడు శశిరేఖ రూపం దాల్చి పెళ్ళివారింటికి వస్తాడు. చూడడానికి సావిత్రి, నడవడిలో ఎస్.వి. రంగారావు. ఒక నటి తన సుకుమారపు దేహంలో ఆ రాక్షసుని గద, మీసం, హుంకారం మోసిన తీరు ముందు, వందల కంప్యూటర్లతో చేసిన ఫియోనా మాకు ఒక మెట్టు క్రిందనే కనిపిస్తుంది. ఒక ముఖ్యమైన తేడా కూడా కలదు. మన చిత్రంలో రాక్షసుడు వేషం తీసివేసి వెళ్ళిపోతాడు. వీరి చిత్రంలో రాక్షస రూపమే అసలు రూపమని తేలి, రాకుమారి అలాగే ఉండిపోతుంది. ఆ ముగింపు మా అమ్మగారికి చాలా నచ్చింది. "పోనీలే, దాని ఒళ్ళు దానికి దక్కింది" అన్నారు. ఆ మాట విన్నాక పిల్లలు మాయాబజార్ పెట్టమన్నారు. ఆ వారమంతా మా ఇంట రెండు డిస్కులు మారుతూ ఉన్నాయి.

రెండవ వంతెన అమెరికా డిస్కులో దాగి ఉన్నది. కంప్యూటరులో పెడితే, చిత్రంలోని కొన్ని ఘట్టాలకు మన గొంతు మనమే చేర్చుకునే చిన్న పనిముట్టు ఒకటి తెరుచుకునేది. దానికి 'రీవాయిస్ స్టూడియో' అని పేరు. కంపెనీవారు దానిని పిల్లల ఆటగా ఉద్దేశించారు. డిస్కులోని అదనపు సరుకులన్నింటిలోకి అదే విలువైనదని మేము తేల్చాము. చిత్రం చివర పాత్రలన్నీ చేరి పాడే కరయోకీ నృత్య కార్యక్రమం వంటివి ఒకసారి చూడదగినవి, అంతే. ఈ పనిముట్టు మాత్రం కొనుగోలుదారు చేతికి మైకు ఇచ్చింది. మూడు వందల రూపాయల మైకుతో మా అమ్మగారు గాడిదకు తెలుగు చెప్పారు. ఆమె యాసలో ఆ గాడిద తెనాలి బస్టాండులో జామకాయలు అమ్ముతున్నట్లుండేది. ఎడ్డీ మర్ఫీ గారు విని ఉంటే ఆమోదించేవారనే మా నమ్మకం.

పిల్లలు మరొక ఘట్టం కోరారు. పొట్టి ప్రభువు అల్లం రొట్టె బొమ్మను బల్ల మీద పడుకోబెట్టి, తప్పించుకున్న కథల జీవులు ఎక్కడ దాగారో చెప్పమని హింసించే ఘట్టమది. ఆ బొమ్మ చెప్పే జవాబు ఒక ఆంగ్ల బాలగేయం మీద ఆధారపడింది. ఆ గేయం తెలియనివారికి అది వట్టి గొణుగుడు. మేము టీవీ ధ్వని తగ్గించి, చెప్పవలసినది నాయనమ్మ ఇష్టానికి వదిలాము. ఆమె ఆ బొమ్మను ఎండని చేపను చేశారు. ఎందుకు ఎండలేదని ప్రభువు గద్దిస్తే అది గడ్డిమేటు మీదికి నెట్టింది; గడ్డిమేటు ఆవు మీదికి; ఆవు పశువుల కాపరి మీదికి. ఏడు చేపల కథ తెలియని తెలుగువాడు లేడు గదా. బొమ్మ పెదవుల కదలికకూ ఆమె మాటలకూ పొంతన లేదు. అయినా మా ఇంట ఆ డిస్కుకు అంతగా నవ్వడం అదే మొదలు. పిల్లలు ఆ తరువాత ఆ కథ మొత్తం చెప్పించుకున్నారు.

గొంతు ఎంత ముఖ్యమో ఆ చిత్రం తీసినవారికి మనకంటె బాగా తెలుసు. ష్రెక్ పాత్రకు మొదట క్రిస్ ఫార్లీ అనే హాస్యనటుడు అధిక భాగం మాటలు చెప్పి, 1997 డిసెంబరులో మరణించారు. తరువాత మైక్ మయర్స్ వచ్చారు. ఆయన చెప్పవలసినదంతా చెప్పి, అది తృప్తినివ్వక, స్కాట్‌లాండు యాసలో తిరిగి మొదటినుండి చెప్పారు. పెదవులు మరల గీయవలసి వచ్చినా నిర్మాతలు ఒప్పుకున్నారు. ఒక యాస కోసం అంత శ్రమ పడిన చిత్రం మన దేశానికి వచ్చేసరికి, యాస మాట దేవుడెరుగు, భాషే లేదు. తెలుగులో చెప్పించి ఉంటే ఆ రాక్షసునికి ఏ యాస తగును? మా వరకు శ్రీకాకుళం యాస తగునని తోస్తుంది. కరీంనగర్ మిత్రులొకరు దీనితో ఏకీభవించలేదు. ఈ వివాదం క్యాంటీనులో ఇంకా సాగుతున్నది.

ఎందుకు చేయలేదన్న ప్రశ్నకు జవాబు మన ఇరుగుపొరుగునే కొంత దొరుకుతుంది. 1983లో ఢిల్లీలో ప్రారంభమైన మోసర్ బేర్ సంస్థ నోయిడా, గ్రేటర్ నోయిడా కర్మాగారాలలో ఫ్లాపీలు, తరువాత సీడీలు, డీవీడీలు తయారుచేసి ప్రపంచమంతటికీ పంపింది. 2007లో ఆ సంస్థ భారతీయ చిత్రాల వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మజొచ్చింది. అంతవరకు వందల్లో ఉన్న ధర ఒక్కసారి కాఫీ, ఇడ్లీ ఖర్చుకు దిగింది. పాలికా బజారు దొంగ ప్రతులతో ధరలోనే పోటీ పడడం అనే ఆలోచన ఇంజనీర్లకు నచ్చవలసినదే, మాకు నచ్చింది. తెలుగు చిత్రాలు కూడా ఆ ధరలో వచ్చేవి. కాని డిస్కు 34 రూపాయలైన చోట, ఒక విదేశీ హాస్యచిత్రానికి మాటల రచయితను, పది పదిహేనుమంది గాత్రధారులను, ధ్వని మిశ్రమాన్ని ఏర్పరచే ఖర్చును ఎవరు మోస్తారు? బిట్లు చౌక, మాటలు ఖరీదు. హాలులో విడుదలైతేనే ఆ ఖర్చు తిరిగి వస్తుంది. 'స్పైడర్‌మ్యాన్ 3' 2007లో తెలుగులో మన హాళ్ళకు వచ్చింది. తన్నులాటకు అనువాదం సులభం, హాస్యానికి కష్టం. కనుక తన్నులాటలే ముందు వచ్చాయి. ఆ చౌక డిస్కుల కాలమూ నిలవలేదు. మోసర్ బేర్ అప్పులపాలై, 2018లో దానిని మూసివేసి ఆస్తులు అమ్మవలసినదిగా కంపెనీ లా ట్రిబ్యునల్ ఆదేశించింది.

ఒక విచిత్రం చెప్పకుండా ఉండలేము. ష్రెక్ రెండవ భాగంలో పరిచయమైన బూట్ల పిల్లితో 2011లో ప్రత్యేక చిత్రం తీశారు. దాని డిస్కు 2012 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు, 'ద త్రీ డయాబ్లోస్' అనే చిన్న చిత్రాన్ని కానుకగా జతపరచారు. ఆ చిన్న చిత్రంలో అధిక భాగం బెంగుళూరులోని స్టూడియోలో మన దేశపు చిత్రకారులు చేసినది. దర్శకుడు రామన్ హుయి. పేరు చూసి మనవాడనుకోరాదు, ఆయన హాంకాంగ్‌కు చెందినవారు. బెంగుళూరులో తెలుగువారెందరో పాఠకులకు చెప్పనక్కరలేదు. మన పిల్లల చేతులు ఆ పిల్లి మీసాలకు కదలిక ఇచ్చాయి. ఆ పిల్లి మన భాషలో మ్యావనడానికి మరికొంత కాలం పట్టింది.

2019లో మార్పు కనిపించింది. 'అలాద్దీన్' తెలుగులో భూతానికి వెంకటేష్ మాటలు చెప్పారు. అదే ఏడాది నవంబరులో 'ఫ్రోజెన్ 2' వచ్చినప్పుడు ఎల్సాకు నిత్యా మేనన్ గాత్రమిచ్చారు. అది నిఖార్సైన కంప్యూటరు బొమ్మల జానపదం. నోయిడాలో మాకు తెలిసిన ఇండ్లలో నాయనమ్మలు, అమ్మమ్మలు మనుమరాళ్ళ ప్రక్కన కూర్చుని ఆ చిత్రాన్ని తెలుగులో చూశారు. మా అమ్మగారు 2016లో కాలం చేశారు. మా పిల్లలిద్దరూ అప్పటికే పెద్దవారై హాస్టళ్ళలో ఉన్నారు. ఆ పట్టీ మా ఇంటికి అవసరమైన కాలంలో రాలేదు.

ఇప్పుడు తీర్పు. బొమ్మ నాణ్యత విషయంలో మన దేశపు డిస్కుకు పదికి ఎనిమిది ఇస్తున్నాము. అదనపు సరుకు విషయంలో అమెరికా డిస్కుకు తొమ్మిది, కేవలం ఆ గొంతు చేర్చే పనిముట్టు చలవన. భాష విషయంలో దేనికీ సున్నకు మించి ఇవ్వలేము. చిత్రం మట్టుకు ఇరవై ఏళ్ళు దాటినా పెద్దగా పాతబడలేదు. మనుషుల ముఖాలు కొంత మైనపు బొమ్మలవలె ఉన్నమాట నిజమే. రాక్షసుడూ గాడిదా మాత్రం ఈనాటికీ సజీవంగా ఉన్నాయి. ఒక ఆక్షేపణ ఉన్నది. రూపం ముఖ్యం కాదని చెప్పవచ్చిన చిత్రం, ఖలనాయకుని పొట్టితనాన్ని ఆద్యంతం ఎగతాళి చేయడం మాకు రుచించలేదు. అయిదడుగుల మూడంగుళాల మా సంగతి అలా ఉంచి, పిల్లలకు అది నేర్పరాదు. పేజీ చించే ఘట్టం వచ్చేటప్పుడు పెద్దవారిని వంటింట్లో ఏదో పనిమీద ఉంచడం శ్రేయస్కరం.

నేడు ఫోనులోనో, టీవీలోనో నెలవారీ చందాతో చూచేవారు చిత్రం మొదలుపెట్టక ముందే భాషల పట్టిక తెరిచి చూడవలెను. ఒకే చిత్రానికి ఒక చోట తెలుగు ఉండి, మరొక చోట లేకపోవచ్చును. హక్కులు చేతులు మారినప్పుడు ఉన్నదీ పోవచ్చును. తెలుగు పట్టీ లేకపోతే, ధ్వని తగ్గించి ఇంట్లోని పెద్దవారిచేత చెప్పించే పద్ధతి పైన వివరించాము. అందుకు ఏ చందా అక్కరలేదు. కొత్తగా చూచేవారు అల్లం రొట్టె బొమ్మ ఘట్టంతో మొదలుపెడితే సులభం. అక్కడ పాత్రలు తక్కువ, మాటల మధ్య వ్యవధి ఎక్కువ. మాయాబజార్ రంగుల ప్రతి 2010 నుండి దొరుకుతున్నది కాని, నలుపు తెలుపు ప్రతినే ముందు చూపించండి.

మా వద్దనున్న రెండు డీవీడీలనూ క్లబ్బు గ్రంథాలయానికి ఇచ్చివేశాము. అయిదవ మండలం డిస్కు అక్కడి ప్లేయరులో ఆడుతుంది. అమెరికా డిస్కు కావలసినవారు మండలం మార్పు ఇంకా మిగిలి ఉన్న పాత కంప్యూటరు తమ వద్ద ఉన్నదో లేదో చూసుకుని తీసుకొనవలెను. ప్లేయరు రిమోటుకు రెండు పెన్సిల్ సెల్లులు పడతాయి. అవి గ్రంథాలయం వారు ఇవ్వరు.